అమెరికా నుంచి లెగో టైటానిక్ తెప్పించాలి: కొరియరా, సూట్‌కేసా?

ఇటుకల ఇల్లు (పటమట, విజయవాడ), 2024 ఆగస్టు 11

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరమ్‌లో అందరి పోస్టులూ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. మా నాన్నగారి కోసం లెగో (చిన్న ప్లాస్టిక్ ఇటుకలు ఒకదానికొకటి బిగించి కట్టేది) టైటానిక్ ఓడ సెట్ తెప్పించాలి. నంబరు 10294, మొత్తం 9,090 ముక్కలు. నాన్న రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆవిరి ఇంజన్ల మీదే పని. ఏప్రిల్‌లో మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇల్లు కదలడం లేదు. పొద్దున పేపరు, సాయంత్రం కిటికీ, అంతే. చేతులు మాత్రం ఊరుకోవు. మొన్న శుభ్రంగా తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్‌ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు.

ఈ సెట్‌లో ఆయన్ని పట్టేసింది ఓడ కాదు, ఓడ కడుపులో ఉన్నది. వెనక ప్రొపెల్లర్లు తిప్పితే లోపల పిస్టన్లు పైకీ కిందకీ ఆడతాయి. ఓడని మూడు భాగాలుగా విడదీసి ఆ ఇంజన్‌ని చూడొచ్చు. వీడియో చూపిస్తే ఫోన్ గంటసేపు నాకు తిరిగి ఇవ్వలేదు.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది, దసరాకి వస్తోంది. అక్కడ దీని ధర 679.99 డాలర్లు. ఇప్పుడే కొరియర్‌లో పంపమనాలా, వచ్చేటప్పుడు తెమ్మనాలా? కస్టమ్స్ ఎంత పడుతుంది? నెలనెలా పక్కన పెట్టుకున్న డబ్బు, అందుకే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

అరండల్‌పేట నాలుగో లైను (గుంటూరు), ఆగస్టు 11

కొరియర్ మాట ఎత్తొద్దు బ్రదర్. నేను పడ్డది చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

పోయినేడాది మా బావమరిది న్యూజెర్సీ నుంచి ఐఫిల్ టవర్ సెట్ పంపాడు. 10,001 ముక్కలది, కట్టాక 149 సెంటీమీటర్ల ఎత్తు. నాకు మేలు చేద్దామనే ఉద్దేశంతోనే పెట్టె మీద గిఫ్టు అని రాసి, విలువ 60 డాలర్లు అని వేశాడు. అక్కడే మునిగాం. కస్టమ్స్‌లో ఆగింది. కొరియర్ వాళ్ల నుంచి రోజుకో మెయిలు. ఆధార్ పంపితే బిల్లు అడిగారు, బిల్లు పంపితే కార్డు స్టేట్‌మెంట్ అడిగారు. స్టేట్‌మెంట్‌లో అసలు ధర కనపడింది. ఇక దాని మీద సుంకం, ఆ పైన జరిమానా, ఆ పైన గోడౌన్ అద్దె. సుంకం ఒక్కటే సెట్ ధరలో ముప్పావు వంతు అయింది. పెట్టె ఇంటికొచ్చేసరికి 41 రోజులు. ఒక మూల పూర్తిగా నలిగి, టేపు మీద టేపు వేసి ఉంది.

ముక్కలన్నీ ఉన్నాయి, అదొక్కటే అదృష్టం. కానీ మా ఆవిడ ముందు ఆ రసీదు పెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు.

లక్ష్మీపురం కుర్రాడు (గుంటూరు), ఆగస్టు 11

అన్నా, అచ్చం అలాంటివే చైనావి ఆన్‌లైన్‌లో ఐదో వంతు రేటుకి దొరుకుతున్నాయిగా. అంత ఖర్చు ఎందుకు?

ఇటుకల ఇల్లు, ఆగస్టు 12

తమ్ముడూ, నాన్న నలభై ఏళ్లు గేజి పెట్టి కొలిచిన మనిషి. వదులుగా ఉన్న ముక్క చేతికి తగిలితే మిగతాది ముట్టరు.

కొలువు అక్క (సింగ్‌నగర్, విజయవాడ), ఆగస్టు 12

లక్ష్మీపురం తమ్ముడికి ఇంకో మాట. లెపిన్ అని ఒక చైనా కంపెనీ లెగో సెట్లని పెట్టె బొమ్మతో సహా దించేసేది. 2019లో అక్కడి పోలీసులే ఫ్యాక్టరీ మీద దాడిచేసి సరుకు పట్టుకున్నారు. వేరే కంపెనీ సొంతంగా డిజైన్ చేసుకుని అమ్మితే నాకు అభ్యంతరం లేదు. ఒకరి బుర్రని కాపీ కొట్టి అమ్మేది మాత్రం మనం కొనకూడదు. కొండపల్లి బొమ్మల పక్కన ప్లాస్టిక్ నకళ్లు పెట్టి అమ్ముతుంటే మనకి కడుపు మండదా? ఇదీ అంతే.

బిల్ ఆఫ్ ఎంట్రీ (విజయవాడ), ఆగస్టు 13

చెన్నైలో క్లియరింగ్ ఏజెంటు (దిగుమతి సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించేవాళ్లు) ఆఫీసులో ఇరవై రెండేళ్లు చేశాను. ఇప్పుడు మన ఊళ్లోనే ఉన్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు అరండల్‌పేట గారి సంగతి. విదేశాల నుంచి పోస్టులో గానీ కొరియర్‌లో గానీ గిఫ్టు పేరుతో సుంకం లేకుండా తెప్పించుకునే వీలు ఒకప్పుడు 5,000 రూపాయల దాకా ఉండేది. 2019 డిసెంబర్‌లో తీసేశారు. ఇప్పుడు ప్రాణాలు నిలిపే మందులకీ రాఖీలకీ మాత్రమే మిగిలింది. కాబట్టి గిఫ్టు అని రాయడం వల్ల పైసా లాభం లేదు. విలువ తగ్గించి రాయడం ఇంకా ప్రమాదం. కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద సరుకునే జప్తు చేయొచ్చు. అప్పుడు సుంకం కట్టినా చాలదు, విడిపించుకోవడానికి వేరే జరిమానా. అక్కడున్న బంధువులకి ఇది ముందే గట్టిగా చెప్పండి. ప్రేమతో చేసే తప్పే ఇక్కడ ఎక్కువ నష్టం తెస్తుంది.

రెండోది, బొమ్మల మీద సుంకం. వ్యాపారానికి తెచ్చే బొమ్మల మీద మూల సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. సొంత వాడకానికి కొరియర్‌లో వచ్చేదాని లెక్క వేరు, అయినా ఈ 2024లో అది కూడా తక్కువేం కాదు. అరండల్‌పేట గారు చెప్పిన ముప్పావు వంతు సరిగ్గానే ఉంది.

ఇక సూట్‌కేసు దారి. ఈ 2024లో అమల్లో ఉన్న 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం విదేశం నుంచి వచ్చే మన మనిషికి, వాడుకున్న బట్టలూ వస్తువులూ కాక, 50,000 రూపాయల దాకా సుంకం ఉండదు. దాటిన దాని మీద 35 శాతం, దాని మీద పది శాతం సర్‌చార్జి, కలిపి 38.5. ఇప్పుడు డాలర్ 84 రూపాయలు అనుకుందాం. 680 డాలర్లంటే 57,120. యాభై వేలు తీసేస్తే 7,120. దాని మీద 38.5 శాతం, అంటే 2,741 రూపాయలు. కొరియర్‌లో అయితే ఒక్క సుంకమే నలభై వేలు దాటుతుంది. తేడా మీరే చూడండి.

ఒక్క జాగ్రత్త. భార్యాభర్తలు ఇద్దరూ వస్తున్నారు కదా, చెరో యాభై కలిపి లక్ష అనుకోవద్దు. ఇద్దరి మినహాయింపుని ఒకే వస్తువు మీద కలపడం కుదరదు.

తెనాలి టు డల్లాస్, ఆగస్టు 13

బిల్ ఆఫ్ ఎంట్రీ గారూ, చిన్న సవరణ. ఇక్కడ డల్లాస్‌లో బిల్లు మీద 8.25 శాతం సేల్స్ టాక్స్ పడుతుంది. 679.99 కి టాక్సు కలిపితే 736 డాలర్లు. బిల్లు మీద ఉండేది అదే అంకె. చెల్లెలి గారిని ఇంకో రెండు వేలు ఎక్కువే అనుకుని ఉండమనండి.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆ పెట్టెని ఉన్నది ఉన్నట్టు విమానంలో వేయాలంటే చాలా పెద్దది. నేను 2022లో వేరే పెద్ద సెట్ అలాగే తీసుకొచ్చాను. సైజు మించిందని కౌంటర్ దగ్గర అదనంగా కట్టించుకున్నారు, పైగా హైదరాబాద్‌లో బెల్టు మీదకి వచ్చేసరికి అట్ట చిరిగి ఉంది.

లక్ష్మీపురం కుర్రాడు, ఆగస్టు 14

సార్, అయితే షార్జా నుంచి వచ్చేవాళ్లతో ఓ ఐదారు సెట్లు తెప్పించి ఇక్కడ అమ్మితే? గన్నవరానికి డైరెక్ట్ ఫ్లైట్ కూడా ఉందిగా.

బిల్ ఆఫ్ ఎంట్రీ, ఆగస్టు 14

వద్దు బాబూ. బ్యాగేజీ మినహాయింపు సొంతానికీ ఇంట్లోవాళ్లకి ఇచ్చుకోవడానికీ మాత్రమే. అమ్మకానికి అయితే అది వ్యాపారం. ఎగుమతి దిగుమతి కోడ్ కావాలి, 70 శాతం సుంకం కట్టాలి, బొమ్మ మీద ఐఎస్ఐ మార్కు ఉండాలి. 2021 జనవరి 1 నుంచి ఆ మార్కు లేని బొమ్మ దిగుమతి చేయడానికి గానీ అమ్మడానికి గానీ లేదు. నీ బదులు ఇంకొకరు సంచి మోసి ఎయిర్‌పోర్టులో నిలబడాలి, అది గుర్తుపెట్టుకో.

అరండల్‌పేట నాలుగో లైను, ఆగస్టు 15

ఐఎస్ఐ మార్కు అంటే గుర్తొచ్చింది. నా టవర్‌కి కూడా మధ్యలో ఆ ప్రశ్న వేశారు. మరి టైటానిక్‌కి ఆ మార్కు ఉండదుగా, సూట్‌కేసులో తెచ్చినా ఆపుతారా?

బిల్ ఆఫ్ ఎంట్రీ, ఆగస్టు 15

మంచి ప్రశ్న. ఆ మార్కు తప్పనిసరి చేసిన ఉత్తర్వులో బొమ్మ అంటే ఏమిటో రాసి ఉంది: 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన వస్తువు అని. ఈ పెద్ద సెట్లు నల్ల పెట్టెలో వస్తాయి, ముందువైపు 18+ అని స్పష్టంగా ఉంటుంది. పిల్లల బొమ్మ కాదని తయారుచేసినవాడే చెప్తున్నాడు. మీ బావమరిది దాన్ని గిఫ్టు, టాయ్ అని రాసి ఉంటాడు, అందుకే ఆ ప్రశ్న వచ్చింది. సూట్‌కేసులో సొంతానికి ఒక్క సెట్ తెచ్చుకుంటుంటే బిల్లూ, ఆ 18+ ఉన్న అట్టా దగ్గర పెట్టుకుని మర్యాదగా చూపించడమే. అధికారి కూడా మనిషే, కాగితం చేతిలో ఉన్నవాడితో తొందరగా పని ముగించుకుంటాడు.

కొలువు అక్క, ఆగస్టు 15

కొండపల్లి బొమ్మలకీ ఏటికొప్పాక బొమ్మలకీ ఆ మార్కు నుంచి మినహాయింపు ఇచ్చారండోయ్. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలు, రిజిస్టరైన హస్తకళాకారులు చేసినవీ ఆ ఉత్తర్వు కిందకి రావు. మా కొండపల్లి ఆచారి గారికి ఆ సంగతి నేనే చెప్పాను, అప్పటిదాకా పాపం భయపడుతూనే ఉన్నారు.

ఇటుకల ఇల్లు, ఆగస్టు 16

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ దండాలు. సూట్‌కేసే ఖాయం. చెల్లెలు ఆర్డర్ పెట్టేసింది. ఇప్పుడు మిగిలింది పెట్టె సంగతి. పెట్టె విప్పితే సెట్ విలువ పోతుందని కొందరు అంటున్నారు. పెట్టెతోనే తేవాలంటే విమానం వాళ్లకి కట్టాలి. ఎటూ తేలడం లేదు.

గన్నవరం గాలి (షార్జా), ఆగస్టు 17

సీలు తీయని పెట్టెకి రేటు ఉంటుంది, అది నిజమే. పదేళ్లు అటక మీద పెట్టి అమ్ముకునేవాళ్లకి. మీ నాన్నగారు అమ్మడానికి కాదుగా.

ఇటుకల ఇల్లు, సెప్టెంబర్ 2

సెట్ మాట తర్వాత. సింగ్‌నగర్ అక్క ఫోన్ కలవడం లేదు. నిన్నటి నుంచి బుడమేరు నీళ్లు అటంతా కమ్మేశాయి. ఇక్కడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఉన్నవాళ్లు ఎవరైనా అక్క సమాచారం తెలిస్తే వెంటనే రాయండి. పడవలో వెళ్తున్న కుర్రాళ్లకి అడ్రస్ ఇచ్చాను.

అరండల్‌పేట నాలుగో లైను, సెప్టెంబర్ 3

మా తమ్ముడూ, ఇద్దరు స్నేహితులూ పాలపొడి, నీళ్లసీసాలు తీసుకుని గుంటూరు నుంచి బయలుదేరారు. ఫ్లైఓవర్ దాకా బండి, అక్కడి నుంచి నడకే. అక్క వాళ్లు పై వాటాలో ఉన్నారట, క్షేమం.

కొలువు అక్క, సెప్టెంబర్ 15

అందరికీ పేరుపేరునా నమస్కారం. మనుషులం బాగున్నాం. కింది వాటా మొత్తం పోయింది. ఛాతీ దాకా నీళ్లు, రోజుల తరబడి అలాగే నిలిచాయి.

నా కొలువు బొమ్మలు కింద గదిలో ఉండేవి. అమ్మ నాకు ఇచ్చిన కొండపల్లి దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు. పొణికి కర్ర నీళ్లు తాగి ఉబ్బిపోయింది. మత్స్యావతారం చేతిలోకి తీసుకుంటే రంగు మొత్తం నా అరచేతికి వచ్చేసింది. దాని గురించి ఇంకా రాయలేను.

వాటి పక్కన కింది అరలో నా లెగో తాజ్ మహల్ ఉండేది, 5,923 ముక్కలది. మావారు సింగపూర్‌లో పనిచేసేటప్పుడు తెచ్చారు. సంక్రాంతి కొలువులో ఏటా మెట్ల చివర దాన్నే పెట్టేదాన్ని. నీళ్లకి విడిపోయి గది నిండా బురదలో పరుచుకుంది. పార పెట్టి ఎత్తి బస్తాల్లో నింపాం. దానితోపాటు పిల్లల చిన్న సెట్లు కూడా కలిసిపోయాయి.

ఇప్పుడు వారం నుంచి కడుగుతున్నాను. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మొదట బురద పోయేదాకా చల్లటి నీళ్లలో నాలుగైదు సార్లు జాడించాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో సబ్బుపొడి కొంచెం. 40 డిగ్రీలు దాటకూడదని కంపెనీయే చెప్తుంది, వేడినీళ్లు పోస్తే ముక్క వంగి ఇంకోదానిలో కూర్చోదు. ముక్క అడుగున ఉండే గొట్టాల మధ్య సన్నటి ఒండ్రు గట్టిపడి ఉంటుంది, అది సబ్బుకి రాదు. అగరబత్తి పుల్ల చివర నలగ్గొట్టి దానితో ఒక్కొక్కటీ తీస్తున్నాను. పాత దోమతెరతో సంచి కుట్టి అందులో పోసి గాలించాను, చిన్నవి పోకుండా ఉన్నాయి. ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పెడితే తెల్లవి పచ్చబడతాయి.

ముక్క ఒక్కటీ చెడలేదు. పెట్టె, ఎలా కట్టాలో చూపించే పుస్తకాలు పేస్టులా అయిపోయాయి. కానీ పుస్తకం కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. పటమట తమ్ముడూ, పెట్టె విప్పాలా వద్దా అని అడిగావు కదా. విప్పేయ్. నిలిచేది ఆ ఇటుకే.

ఇటుకల ఇల్లు, సెప్టెంబర్ 15

అక్కా, చదివి కాసేపు ఏం రాయాలో తెలియలేదు. చెల్లెలికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. పెట్టె విప్పమన్నాను.

తెనాలి టు డల్లాస్, సెప్టెంబర్ 16

చెల్లెలి గారికి సర్దే పద్ధతి చెప్తాను, రాసుకోమనండి. లోపల సంచుల మీద నంబర్లు ఉంటాయి. ఆ సంచులు విప్పొద్దు. ఒక్కో పుస్తకానికి చెందిన సంచులన్నీ కలిపి ఒక పాత దిండుగలేబులో వేసి ముడి వేయాలి. మొత్తం బరువు ఒకే సూట్‌కేసులో పెడితే 23 కిలోల లెక్క దగ్గర బట్టలకి చోటు ఉండదు, రెండింటిలో పంచుకోవాలి. పుస్తకాలూ, బిల్లూ చేతి సంచిలో. పెట్టె ముందువైపు అట్టని కత్తిరించి సూట్‌కేసు అడుగున పరిస్తే అదీ వచ్చేస్తుంది.

బిల్ ఆఫ్ ఎంట్రీ, సెప్టెంబర్ 16

అతిథి అని కస్టమ్స్ వాళ్ల యాప్ ఉంది, విమానం ఎక్కకముందే అందులో డిక్లేర్ చేయొచ్చు. దిగాక రెడ్ చానెల్‌లోకే (సుంకం కట్టాల్సిన వస్తువులు ఉన్నవాళ్ల దారి) వెళ్లమనండి. అలాంటివేమీ లేనివాళ్ల గ్రీన్ చానెల్ దగ్గర స్కానర్‌లో వేల ముక్కలు కనపడి పిలిస్తే, అప్పుడు చెప్పిన నిజానికి విలువ ఉండదు.

ఇటుకల ఇల్లు, అక్టోబర్ 7

వచ్చేసింది! చెల్లెలు శనివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగింది. రెడ్ చానెల్‌లో ఒకాయన బిల్లు చూసి, అట్ట ముక్క చూసి, ఒక సంచి పైకి తీయించి చూశారట. బిల్లు మీద ఉన్న మొత్తమే లెక్కేసి, యాభై వేలు తీసేసి, దాదాపు 12 వేల మీద సుంకం వేశారు. నాలుగు వేల ఆరు వందల చిల్లర. రసీదు ఇచ్చారు. మొత్తం ఇరవై నిమిషాలు. చెల్లెలు మాత్రం రాత్రంతా విమానంలో నిద్రపోలేదట, ఏమడుగుతారో అని.

ఒక సంచి మూల చిరిగి కొన్ని ముక్కలు గలేబులో పడ్డాయి. గలేబు లేకపోతే అవి సూట్‌కేసు జిప్పులో నుంచి పోయేవే. డల్లాస్ గారూ, మీకు రుణపడ్డాను.

అరండల్‌పేట నాలుగో లైను, అక్టోబర్ 7

నేను కట్టిన దాంట్లో పదో వంతు! సంతోషం బ్రదర్. నాన్నగారు మొదలుపెట్టారా?

ఇటుకల ఇల్లు, నవంబర్ 10

ఆలస్యంగా రాస్తున్నాను. దసరా మూలానక్షత్రం రోజు మొదలుపెట్టారు, నిన్న రాత్రికి అయింది. రోజుకి మూడు గంటలు. మొదట రంగు ప్రకారం వేరు చేయకూడదు, ఆకారం ప్రకారం చేయాలని నాతో వాదించారు. నల్ల ముక్కలు వేలల్లో ఉంటాయి కాబట్టి ఆయనే కరెక్టు. ఇంట్లో ఉన్న స్టీలు పళ్లేలన్నీ ఆయన మంచం చుట్టూనే ఉన్నాయి, నెలరోజులు మేం అరిటాకుల్లో తిన్నాం.

ఇంజన్ భాగం పూర్తయిన రోజు సంగతి చెప్పాలి. వేలి చివరతో ప్రొపెల్లర్ తిప్పారు. పిస్టన్లు కదిలాయి. ఆపి, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తిప్పారు. ఒకచోట పట్టేస్తోందన్నారు. నాకేమీ వినపడలేదు. విప్పి చూస్తే నిజంగానే ఒక ఇరుసు వెంట్రుకవాసి లోపలికి ఎక్కువ నొక్కుకుపోయి ఉంది. సరిచేసి బిగించి, అసలు ఓడలో పక్కనున్న రెండు ప్రొపెల్లర్లనే పిస్టన్ ఇంజన్లు తిప్పేవనీ, వాటి నుంచి వచ్చిన మిగులు ఆవిరితో టర్బైన్ నడిచి మధ్యది తిరిగేదనీ మా అబ్బాయికి చెప్పారు. వృథాగా పోయే ఆవిరిని ఒక్క చుక్క వదల్లేదు చూశావా అన్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

ఇప్పుడు సమస్య, పెట్టడం. 135 సెంటీమీటర్ల పొడవు. దుమ్ము పడకుండా అక్రిలిక్ పెట్టె చేయించాలి. అక్క అనుభవం చూశాక ఎత్తులో పెడదామంటున్నాను. నాన్న ఒప్పుకోవడం లేదు, మంచం మీద నుంచి చెయ్యి అందాలంటారు.

కొలువు అక్క, నవంబర్ 10

మీది పటమట, మొదటి అంతస్తు. చెయ్యి అందే చోటే పెట్టండి తమ్ముడూ. అక్రిలిక్‌కి వెనకవైపు తలుపు పెట్టించండి, ప్రొపెల్లర్ తిప్పడానికి.

నా పని మాత్రం ఆగిపోయింది. కడగడం అయింది. తాజ్ మహల్, పిల్లల సెట్లు కలిసి రెండు బస్తాల ముక్కలు. ఏది దేనిదో వేరు చేయడానికి కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి. సంక్రాంతికి కొలువు ఉంటుందో ఉండదో.

ఇటుకల ఇల్లు, నవంబర్ 11

అక్కా, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. బస్తాలు ఇక్కడికి పంపమన్నారు. పళ్లేలు ఇంకా తీయలేదట. ఆకారం ప్రకారం వేరు చేసి, సంచుల మీద నంబర్లు రాసి ఇస్తానన్నారు. మీరు తాజ్ పుస్తకం ప్రింటు తీయించి తెస్తే చాలు, ఫోన్‌లో అంకెలు కనపడవు ఆయనకి.

కొలువు అక్క, నవంబర్ 11

ఆదివారం పొద్దున్నే ఆటోలో తెస్తాను. నాన్నగారికి పెసరట్టు తినొచ్చా, డాక్టరు ఏమన్నారు?